తాగని నాలుక

పన్ను పీకించుకుందామని పోయిన చోట ఆమె కనిపించింది.

ఆదోనిలో పళ్ల డాక్టరు గది బయట బెంచీ, బెంచీకి ఎదురుగా గోడ, గోడ మీద క్యాలెండరు. జూన్ నెల పేజీ. తలకు కొంగు బిగించి కట్టుకుని, చేతిలో పొడుగు కాడ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. గ్లాసులో ఎర్రటి వైను, వెనక ద్రాక్ష పందిరి. కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు, ఈ మట్టి రుచి మా అవ్వ నాలుకకు తెలుసు అనే అర్థం వచ్చేట్టు. చూసినవాళ్లకు నవ్వుతున్నట్టే ఉంటుంది. నవ్వు కాదది. ఎండ కళ్లలో కొట్టి మూతి అట్లా ముడుచుకుంది. నాకెట్లా తెలుసంటే, ఆ ఫోటో తీసింది నేనే.

ఆమె పోయి అప్పటికి మూడు నెలలు.

"ఆ క్యాలెండరు తీసేయప్పా," అన్నాను కాంపౌండరుతో, వాచిన దవడ పట్టుకుని.

"యాల మేడం? బొమ్మ బాగుండాది గదా. తోట సారు ఊరంతా పంచినాడు."

"ఆమె చచ్చిపోయింది."

"అయ్యో," అని అతను క్యాలెండరు వైపు చూసి, "జూలై వస్తే ఎట్లాగూ తిప్పేస్తాం లే మేడం, అంతవరకు ఉండనీ," అన్నాడు.

మామూలు రోజైతే అతనికి గంటసేపు పాఠం చెప్పేదాన్ని. పంటి పుణ్యమా అని బతికిపోయాడు. ఆమె పేరు మాత్రం ఇక్కడ రాయను. ముఖం ఊరూరా తిరిగింది. పేరైనా ఆమెకే మిగలనీ.

నేను ఎమ్మిగనూరు కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆదోని నుంచి రోజూ పోయి వస్తాను. ఆరేడేళ్ల కిందట ఒక సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండులో బండి మీది నల్ల ద్రాక్షకు బేరమాడుతున్నాను. పక్కన నిలబడ్డ ముసలామె ఎవరినీ అడక్కుండా గుత్తిలోంచి ఒక పండు తెంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ముఖం పక్కకు తిప్పి అరచేతిలోకి ఉమ్మింది. ఆ పిప్పిలోంచి గింజను వేలికొసతో వేరుచేసి వెలుతురుకు పెట్టి చూసింది.

"కొనొద్దు మేడమ్మా. ఇంగా పచ్చి మాట్లాడతాంది."

బండాయనకు ఒళ్లు మండింది. "కొనేదానివి కాదు, అమ్మేదానివి కాదు, నా యాపారం సెడగొట్టేకి వచ్చినావా అవ్వా?"

"నల్లగుండేది తోలప్పా. లోపల గింజ సూడు, శనగాకు మాదిరి పచ్చగుండాది. తొందరపడి కోసినారు. దీన్ని నీ పిల్లోల్లకు పెడతావా, సెప్పు."

"నాకు తియ్యగానే ఉన్నాయే," అన్నాను నేను, ఒకటి నోట్లో వేసుకుని. ఎవరైనా ఒక మాట తేల్చి చెబితే ఎదురు చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

ఆమె నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసింది. "టీలో మూడు సెంచాల సక్కెర ఏసుకుంటావు నువ్వు. నీ నాలుకను అడిగితే అదేం సెప్తాది, పాపం?"

నేను మూడు చెంచాలే వేసుకుంటాను. ఆ రోజు ద్రాక్ష కొనలేదు.

ఆమెది గోనెగండ్ల పక్క పల్లె, కూలికి ఎమ్మిగనూరు మీదుగా పోయి వచ్చేది. ఆమె బస్సు ఆలస్యం, నా బస్సు అంతకంటే ఆలస్యం. అట్లా ఒక బెంచీ మీద కొన్నేళ్లు గడిచాయి. చాలా మంచి మనిషి అని రాయాలని ఉంది గానీ, ఆమె గురించి అబద్ధం రాయడానికి భయంగా ఉంది. భరించడం కష్టం. ముగ్గురు కూర్చునే బెంచీ మీద తన టవలు పరిచి ఇద్దరి చోటు ఆక్రమించేది. నా టిఫిను డబ్బా మూత తానే తీసి పప్పులో వేలు ముంచేది. "చింతపండు పోయినేడుది. పురుగు పడితే ఎండబెట్టి వాడినావు," అనేది. నిజమే. అది మా ఆయనకు ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తెలియలేదు. మెచ్చుకోవడం అనేది ఆమె ఒంట్లో లేదు. ఒకసారి మా మాగాయ తిని, వేలు నాకి, "తినొచ్చు," అంది. ఆ ఒక్క మాటను నేను వారం రోజులు మోసుకుని తిరిగాను.

మనుషులనూ అట్లాగే నమిలి ఉమ్మేది. మైకు పట్టుకుని మాట్లాడే నాయకుడు, బస్సు ఆపని డ్రైవరు, వరాలిచ్చే స్వామి, అందరికీ ఒకటే తీర్పు: "పచ్చి మాట్లాడతాండాడు." నన్నూ వదల్లేదు. కూలీ గురించో ఆడవాళ్ల గురించో నేను ఆవేశంగా చెబుతుంటే చివరిదాకా విని, "నువ్వు సెప్పేది నిజమే మేడమ్మా. అయితే పండకముందే కోసేస్తావు," అనేది. నేను వాదించేదాన్ని. ఆమె బస్సు వచ్చేది. గెలుపు ఎవరిదో తేలకుండా పోయేది.

ఆ నాలుక ఆమెకు వాళ్ల చర్చి సంఘంలో తయారైంది. నెలలో మొదటి ఆదివారం వాళ్లకు బల్ల, అంటే ప్రభువు పేరిట పంచుకునే భోజనం. చిన్న చిన్న కప్పుల్లో ద్రాక్షరసం, ఒక రొట్టె ముక్క తట్టలో పెట్టి ఒక్కొక్కరి ముందుకూ తెస్తారు. ఆ రసం ఇరవై ఏళ్లు ఆమే కాచింది. శుక్రవారం ఎండు ద్రాక్ష ఏరి నానబెట్టడం, శనివారం కాచి తెల్లగుడ్డలో వడగట్టడం. ఒక్క పుల్లటి పండు పడినా మొత్తం చెడుతుందని ఒక్కొక్కటీ కొరికి చూసేదట. ఆ ఆదివారం తెల్లచీర కట్టేది. మిగతా నెలంతా కూలి మనిషి, ఆ ఒక్క పూట మాత్రం తనకు పై అధికారి ఎవరూ లేరు.

మొగుడు సారా తాగి తాగి పోయాడు. ఆ ఏడే బాప్తిస్మం తీసుకుని, మత్తు ఏదీ నా నాలుక మీద పడదని సంఘం ముందర నిలబడి మాట ఇచ్చింది. మాట ఇచ్చి ఊరుకునే రకం కాదు. అల్లుడు తాగుతాడు. ఒక మొదటి ఆదివారం అతను కడుక్కుని, దువ్వుకుని, మగవాళ్ల వరుసలో కూర్చుని ఉంటే, ఈమె ఆడవాళ్ల చాప మీది నుంచి లేచి పోయి, అతని ముఖం దగ్గర ముఖం పెట్టి వాసన చూసి, "అయ్యా, వీనికియ్యొద్దు. వీని నోరు నిన్నటిది సెప్తాంది," అందట. పాస్టరయ్య తట్టను అతని ముందు నుంచి దాటించేశాడు. ఆమె అంతటితో ఆగకుండా పెద్దల్ని కూర్చోబెట్టి నియమం చేయించింది: తాగినోళ్లకు మూడు నెలలు బల్ల లేదు, తిరిగి రావాలంటే అందరి ముందర నిలబడి ఒప్పుకోవల్ల.

నేను ఊరుకుంటానా? "రోగమొచ్చిన మనిషిని నలుగురిలో నిలబెట్టి సిగ్గు తీస్తారా?" అని తగులుకున్నాను.

"నలుగురిలో తాగి పడినోనికి నలుగురిలో సెప్పేకేం సిగ్గు? వాడు బో ఒప్పుకుంటాడులే మేడమ్మా. ఏడుస్తాడు, వానకు తడిసినట్ల తడిసిపోతాడు. మల్ల ఎండకు ఆరిపోతాడు."

అటువంటి మనిషి పని చేసింది వైన్ తోటలో.

ఆదోనిలో పత్తి మిల్లు మూసేసిన షావుకారు గారి మనవడు నాసిక్ వైపు పోయి నేర్చుకొచ్చి, గోనెగండ్ల దారిలో ద్రాక్ష పెట్టాడు. పక్కనే ఒక షెడ్డు, షెడ్డులో స్టీలు ట్యాంకులు, చెక్క పీపాలు. అంతవరకు ఆమె ఏటా సుగ్గికి పోయేది. పనుల్లేని నెలల్లో మా పడమటి పల్లెలన్నీ మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలల్లో కాయ తెంచడానికి పోతాయి, దాన్నే సుగ్గి అంటారు. ఆ మంటకు వేళ్లు పగిలి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాళ్లను నేను చూశాను. తోటలో పని దొరికాక ఆమెకు ఆ పోక తప్పింది.

మొదటి కోతకే అక్కడ ఆమె నాలుక సంగతి తెలిసిపోయింది. గుత్తి పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, ఎండ పక్కది ఒకటి, నీడ పక్కది ఒకటి తెంచి నమిలేది, ఉమ్మేది, గింజ చూసేది. "నాలుగు దినాలు," అనేది. సూపర్‌వైజరు తియ్యదనం కొలిచే గొట్టంలో ఒక చుక్క రసం వేసుకుని, కన్ను పెట్టి, ఏదో అంకె రాసుకునేవాడు. కోత మాత్రం ఆమె చెప్పిన రోజునే. షెడ్డు ముందు నుంచి పోవాల్సి వస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది.

"సంఘంలో ఏమీ అనరా?" అని అడిగాను ఒకసారి.

"నేను పండు కోస్తాండా. దాన్ని వాళ్లేం సేసుకుంటారో నన్నడిగితే, జొన్నలు కోసేటోళ్లను గూడా అడగల్ల. ఆ షెడ్డు గడప నేను తొక్కలేదు."

ఆ గడప తొక్కించింది నేను.

పోయినేడు ఫిబ్రవరి, రెండో శనివారం. మా స్టాఫ్‌రూమ్ నుంచి నలుగురు ఆడవాళ్లం వైన్ టేస్టింగ్ అంటే ఏమిటో చూద్దామని తోటకు పోయాం. షెడ్డు లోపల గుమ్మం పక్కనే పొడుగు టేబులు, గళ్ల గుడ్డ, గ్లాసులు, వేయించిన శనక్కాయలు, చీజు ముక్కలు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక గుంపు కూడా ఉంది. షావుకారు మనవడే స్వయంగా పోస్తున్నాడు.

"గ్లాసు సన్నగా తిప్పండి మేడం. ముందు ముక్కు పెట్టండి. ఏం వాసనొస్తాంది?"

"తుప్పుపట్టిన బీరువా," అన్నాను.

అతను నవ్వాడు. మర్యాద తెలిసినవాడు. "నేరేడు వస్తాది చూడండి, లవంగం వస్తాది. చివర్లో వాన పడ్డ నల్లరేగడి."

"నల్లరేగడి వాసనకు బయట నిలబడితే చాలు గదప్పా. దాన్ని సీసాలో పోసి అమ్మాలా?"

అందరూ నవ్వారు. నాకు ఉత్సాహం వచ్చింది. తాగాను కూడా, దాచడానికేముంది. తొలి గుక్క చేదు, మలి గుక్క పర్వాలేదు. మాలో ఒకామె, ద్రాక్ష ఎప్పుడు కోయాలో ఎట్లా తెలుస్తుందని అడిగింది. అతను జేబులోంచి ఆ గొట్టం తీశాడు. జర్మనీ పరికరం, ఒక్క చుక్క వేస్తే తియ్యదనం ఎంతో చెప్పేస్తుంది, మా తోటలో అంచనాలు ఉండవు, అంతా సైన్సే అన్నాడు. గుమ్మంలోంచి చూస్తే పందిరి కింద ఆమె కూలోళ్లతో కలిసి ద్రాక్ష ట్రేలు పేరుస్తూ కనబడుతోంది.

నాకు ఆగలేదు.

"అంతా అబద్ధం," అన్నాను గట్టిగా. "మీ పరికరం అక్కడుంది చూడు, చీర కట్టుకుని."

టేబులు టేబులంతా అటు తిరిగింది. ఆమె దూరం నుంచే నన్ను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వినయం అనుకున్నాను. వినయమా, ఆమెకా! అన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషి గురించి ఆ క్షణం నా బుర్ర ఎట్లా పనిచేసిందో తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

షావుకారు మనవడు చురుకైనవాడు. నేను అతన్ని ఓడించాననుకుంటున్నాను, అతనికి అప్పటికే అందులో అమ్ముకునే సరుకు కనిపించింది. "అవ్వా, ఇట్ల రా! రా రా, లోపలికి రా!" అని తానే పోయి భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. గడప దగ్గర ఆమె కాలు ఆగింది. అతను చూడలేదు. నేను చూశాను.

"నాకెందుకు సారూ. సేతులు మురికిగుండాయి."

"అదే అందం అవ్వా." గ్లాసు చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తేలు కొండి పట్టుకున్నట్టు రెండు వేళ్లతో దూరంగా పట్టుకుంది. "తాగొద్దులే. ఊరికే పట్టుకో. ఎండలోకి పోదాం, పందిరి కింద బాగుంటాది."

ఆమె నా వైపు చూసింది. "మేడమ్మా, వద్దని సెప్పు."

నేను చెప్పిన మాటలు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "పట్టుకుంటే ఏం పోతుంది? ఇది నీ కష్టం. నీ నాలుక లేకపోతే వీళ్ల సీసాలో ఏముంది? నలుగురికీ తెలియనీ." అని, ఫోను తీశాను.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని ఫోటో కింద రాశాను: "రుచి ఒకరిది, పేరు ఒకరిది. శ్రమకు ముఖం ఇదిగో." స్టాఫ్‌రూమ్ గ్రూపులో పెట్టాను. చప్పట్లు, దండాలు వచ్చి పడ్డాయి. షావుకారు మనవడు తనకూ పంపమంటే పంపాను. మా గ్రూపులోంచి ఎవరి ఫోనుకో, వాళ్ల నుంచి ఇంకెవరికో పోయి, నేను రాసిన ఆ గొప్ప వాక్యం ఎక్కడో జారిపోయి, ఉత్త ఫోటో మిగిలి, నెల తిరగకముందే వాళ్ల సంఘం గ్రూపులో తేలింది. మధ్యలో ఎవరెవరు పంపారో ఆరా తీశాను. తెలిసి ఏం లాభం, మొదట పంపింది నేను.

మార్చి మొదటి ఆదివారం అయిన మర్నాడు ఆమె బెంచీ మీద టవలు పరవకుండా కూర్చుని ఉంది. అదే నాకు భయం పుట్టించింది.

"తట్ట నా ముందర ఆగలేదు మేడమ్మా," అంది. ఒళ్లోని టవలు మళ్లీ మడుచుకుని, "నేను కాసిన రసమే," అంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే వాదించేదాన్ని, బాగుండేది. "ఆ పోటో సూపియ్యి" అని మాత్రం అడిగింది. ఫోను చేతికిచ్చాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "దీంట్లో నేను తాగినట్లుందా?"

తానే, "ఉండాది," అని ఫోను ఇచ్చేసింది.

మరుసటి రోజు నుంచి తోటకు పోవడం మానేసింది. పెద్దలు కబురు చేశారు: మూడు నెలలు ఆగి, నిలబడి, తాగినాను తప్పయిందని ఒక్క మాట చెబితే చాలు, తట్ట ఆమె ముందు ఆగుతుంది. ఆమె ససేమిరా అంది. "తాగలేదు గదా. తాగలేదనేది నిజం. తాగినానని దేవుని ముందర నిలబడి సెప్తే అది అబద్ధం. లేని తప్పుకు క్షమాపణ ఇచ్చేకి ఆయన మాత్రం యాడనుంచి తెస్తాడు?"

నేను ఊరుకుంటే కదా. పాస్టరయ్య ఇంటికి పోయాను. వయసులో నాకంటే చిన్నవాడు. కుర్చీ వేశాడు, మజ్జిగ ఇప్పించాడు. నేను ఆయనకు చరిత్ర చెప్పాను, వాళ్ల గ్రంథంలో ఏసు నీళ్లను ద్రాక్షరసం చేసిన పెళ్లి విందు గురించి చెప్పాను, ఆమె వదిలేసిన పని గురించి, ఇరవై ఏళ్ల రసం గురించి చెప్పాను. అన్నీ విన్నాడు.

"తాగలేదని మీకు తెలుసు గదా?" అన్నాను చివరికి.

"తెలుసమ్మా. ఆమె తాగదు. నా తల్లి తాగిందంటే నమ్ముతాను గానీ ఆమె తాగిందంటే నమ్మను."

"మరి?"

"నాకు తెలుసు. ఫోటో చూసిన వాళ్లకు తెలీదు గదా. ఈ నియమం పెట్టించిందే ఆమె. సొంత అల్లుణ్ణి నిలబెట్టించింది. ఇప్పుడు ఆమెను ఊరికే వదిలేస్తే రేపు నేను ఎవరిని ఆపగలను? ఒక్క మాట చెప్పమనండి. ఒకే ఒక్క మాట. మీరు చెబితే వింటుంది."

ఆ గేటు దాటేసరికి నాకు ఆయన మాటే నయమనిపించింది. ఇదీ నా బతుకు. ఎదుటివాడిని ఓడించడానికి పోయి, వాడి మాట నా నోట్లో పెట్టుకుని వస్తాను. నేరుగా ఆమె ఇంటికి పోయాను. గడపలో కూర్చుని శనక్కాయలు వలుస్తోంది.

"ఒక్క మాట చెప్పేయరాదా," అన్నాను. "లోకమంతా రోజుకు పది అబద్ధాలు చెబుతుంది. నీకు బల్ల ముఖ్యమా, పంతం ముఖ్యమా?"

ఆమె చేతిలోని కాయను పగలగొట్టి, పప్పు నోట్లో వేసుకుని నమిలింది. నా వైపు చూడలేదు.

"నువ్వు గూడానా మేడమ్మా," అంది.

"నీ మంచికే చెబుతున్నా."

"నా మంచికే ఆ పొద్దు గ్లాసు పట్టుకోమన్యావు."

అప్పుడు, ఆ ఒక్కసారే అంది. కోపంగా కూడా కాదు. పండును నమిలి తీర్పు చెప్పే గొంతుతో. నేను లేచి వచ్చేశాను.

ఆ నెల నుంచి బల్ల రసం కాచే పని కూతురికి అప్పజెప్పారు. కూతురికి చేతకాదు. తర్వాత ఆ అమ్మాయే నాకు చెప్పింది. శనివారం పొయ్యి మీద గిన్నె పెట్టుకుని, "అమ్మా, ఇంత సాలా? ఇంగా కాచల్లా?" అని అడిగితే, ఆమె గడప అవతలే కూర్చుని, "వాసన సెప్తాంది, ఇంగొంచేపు," అనేదట. "ఒక చుక్క నాలుకమీద ఏసుకుని సెప్పరాదా?" అని గరిటె అందిస్తే, "అది నాది కాదు. తట్టలోది," అని ముఖం తిప్పుకునేదట. ఆ ఏడంతా ఆ సంఘం పుల్లటి రసం తాగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం పోయి ఆడవాళ్ల చాప మీద తన చోట్లో కూర్చునేది. మొదటి ఆదివారం తట్ట వచ్చినప్పుడు తల వంచేది కాదట. దాన్నే చూసేదట, తన ముందు నుంచి దాటి పక్కామె దగ్గర ఆగేవరకు.

తోట కూలి లేదు. జనవరిలో మళ్లీ సుగ్గి మూట కట్టింది, అరవై దాటిన వయసులో. బస్టాండులో కనిపించింది. టవలు భుజం మీద ఉంది. నేను పోయి పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చింది. అంతకు ముందెన్నడూ ఆమె జరగలేదు.

"పోకపోతే ఏం? నేను చూస్తా ఏదైనా పని," అన్నాను.

"వద్దులే మేడమ్మా. నువ్వు సూసింది సాలు."

మిరప చేలో ఎండకు పడిపోయిందట. మార్చి రెండో వారంలో శవాన్ని తీసుకొచ్చారు.

కబురు తెలిసి పోయేసరికి వాకిట్లో జనం. ఆమెకు తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. వేళ్లు మిరప కారానికి పగిలి ఉన్నాయి. వాళ్ల సమాధుల తోట ఊరి బయట ఉంది, సంఘం పెద్దలు ఒప్పుకుంటేనే అందులో చోటు. బల్లకు దూరమై, ఒప్పుకోకుండానే పోయిన మనిషికి అందులో చోటివ్వొచ్చా అని ఉదయం నుంచి చర్చ జరుగుతోందని ఎవరో చెప్పారు. నాకు రక్తం తలకెక్కింది. ఈసారి ఎవరినీ వదలకూడదని మాటలు పేర్చుకుంటూ ఉన్నాను. ఇంతలో పాస్టరయ్య వచ్చాడు, కూతురిని పక్కకు పిలిచి మాట్లాడాడు, కూతురు తల ఊపింది, అంతా సర్దుకుంది. పెట్టె లేచింది.

గుంత దగ్గర పాస్టరయ్య చాలా బాగా మాట్లాడాడు. నమ్మకమైన దాసురాలు అన్నాడు. ఇరవై ఏళ్ల సేవ అన్నాడు. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆ కన్నీళ్లను అనుమానించను. ఆ తర్వాత అన్నాడు:

"మన సహోదరి ఒక బలహీన సమయంలో శోధనలో పడింది. కానీ పోయే ముందు తన బిడ్డకు ఫోను చేసి, తాగినాను, తప్పయింది, నన్ను క్షమించమని సంఘానికి చెప్పమ్మా అని ఏడ్చిందట. ఒప్పుకున్న వారిని ప్రభువు తోసివేయడు."

నేను కూతురి వైపు చూశాను. ఆ అమ్మాయి నా పక్కనే ఉంది. కళ్లు నేలకు వేసి నిలబడింది. ఆమె వెనక మొగుడు, గడ్డం గీసుకుని, తల దువ్వుకుని.

నేను నోరు తెరిచాను. ఒక్క మాట చాలు. తాగలేదు, ఎవరికీ ఫోను చేయలేదు, చావనైనా చచ్చింది గానీ ఆ మాట అనలేదు, ఇదంతా మీరు మీ సౌకర్యానికి ఆమె నోట్లో పెట్టిన అబద్ధం, అని. వాళ్లలో సగం మందికి ఇది తెలుసు. ఎవరో ఒకరు పైకి అంటే చాలు.

కూతురు నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"మేడమ్మా," అంది, పెదాలు కదలకుండా. "నీ కాళ్లకు మొక్కుతా. మట్టి పడేదాకా నోరు తెరవొద్దు. ఇప్పుడు మాట్లాడినావంటే మా అమ్మను యాడికి తీసుకపోవల్ల నేను?"

ఏభై మూడేళ్లలో నేను మాట మింగింది ఆ ఒక్కసారే. పాస్టరయ్య చేతులు పైకెత్తి ప్రార్థన ముగించాడు. అందరూ ఆమేన్ అన్నారు. కూతురు అంది, అల్లుడు అన్నాడు. నా మణికట్టు ఇంకా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది.

నేనూ అన్నాను.